ఓడ పలకలు కారే వేళ

సముద్రానికి పగటి పోటు రాగానే ఆ ఊళ్ళో ఇంటింటా తుడుపుగుడ్డలు బయటికొస్తాయి. అరవై ఏళ్ళ కిందట రేవు ముందు ఇసుక తిన్నెకెక్కి పగిలిన సరుకు ఓడ పలకల్ని జనం ఎగబడి పట్టుకుపోయారు. అవే ఇప్పుడు తలుపులు, మంచాలు, బల్లలు. ఓడ పలకన్నాక పోటు వేళ ఉప్పునీళ్ళు కారదా మరి! తుడుచుకుంటే సరి.

లెక్కల టీచరు ఇంట్లో మాత్రం ఆ పని లేదు. వాళ్ళకి ఒక్క ముక్క కూడా దక్కనివ్వలేదు. ఆ ఓడ చుక్కాని పట్టిన సరంగు ఆవిడ తాతే. అందరూ ఈదుకుంటూ ఒడ్డున పడ్డారు, ఆయనొక్కడే చుక్కాని వదలకుండా పోయాడు. పోయినవాడు నోరెత్తి చెప్పలేడు కదా, కునుకు తీసి ఓడని ఇసుకలోకి ఎక్కించాడని ఊరు తేల్చేసింది.

ఆ మాట ఇప్పుడు తమ్ముడి మెడకి చుట్టుకుంది. ఓడల్ని రేవులోకి నడిపే ఉద్యోగానికి పరీక్షలన్నీ పాసయ్యాడు. రేవు అధికారి సంతకం పెట్టడే!

"కునుకోడి మనవడికి ఓడ ఎలా అప్పజెప్పనమ్మా? ఊరు నా మొహాన ఉమ్మదూ? శనివారం ఇంకొకణ్ణి పెట్టుకుంటా."

అడగబోయిన టీచరుకి ఏడుపొచ్చింది. ఇంటికెళ్తూ రొట్టెలకోసం ఆగితే, రొట్టెలావిడ తలుపు అప్పుడే కారడం మొదలెట్టింది. ఎదురుగా క్షవరం కొట్టులో బల్ల ఇంకా పొడిగానే ఉంది.

"మా బల్లకి బద్ధకం టీచరుగారూ, దానికి తీరిగ్గా అరగంట పడుతుంది," అన్నాడు కత్తెర ఆపకుండా క్షవరం ఆయన.

ఎందుకని? ఆ ప్రశ్న పట్టుకుంటే ఆవిడ వదల్లేదు. ఓడ కట్టినప్పుడు వడ్రంగులు ముక్కు నుంచి వెనక్కి, ప్రతి పలక మీదా ఉలితో అంకె చెక్కారు. మర్నాడు కారడం మొదలైన నిమిషం, పలక అంకె రాసిపెట్టమని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

"ఈ వయసులో మాకు హోంవర్కా!" అని రొట్టెలావిడ గోల పెట్టింది. అయినా అందరికంటే శుభ్రంగా రాసిచ్చింది కూడా ఆవిడే.

టీచరు కాగితాలు వరసలో పేర్చింది. పలకలు కారే వరస, ఆనాడు ఓడలోకి నీళ్ళెక్కిన వరసే అయ్యుండాలి. ఓడ ఇసుకకి గుద్దుకుని పగిలుంటే ముక్కు పలకలు ముందు కారాలి. ఇవి అన్నిటికన్నా ఆలస్యం. వెనక పలకలే ముందు. ఇరవై ఎనిమిది కంటే ఇరవై తొమ్మిది, దానికంటే ముప్పై. ముప్పై ఒకటి, ముప్పై రెండు లేవు.

"ఇంకెక్కడ? రేవు అధికారిగారింట్లో కూర్చునే బల్ల," అంది రొట్టెలావిడ.

శుక్రవారం పోటుకి ముందే వెళ్ళి ఆ బల్ల మీద కూర్చుంది. ఊళ్ళో ఒక్క గుడ్డా బయటికి రాకముందే ఆవిడ చీర తడిసింది. లేచి చూస్తే, రెండు పలకల సందులో జానెడు మేర, నీళ్ళు చొరకుండా కుక్కే నారా లేదు, పూసే తారూ లేదు.

"ఓడకి నార కుక్కింది ఎవరండీ?"

అధికారి వంగి ఆ సందులో వేలు పెట్టి చూశాడు.

"మా నాన్న," అన్నాడు చివరికి. "అన్నానికి లేచేముందు ఎంతవరకు కుక్కారో సుద్దతో గీత పెట్టేవారు. వాన పడ్డ రోజు సుద్దని నమ్మకురా అని పోయేదాకా గొణుగుతూనే ఉండేవాడు. ఈ బల్లని ఎవర్నీ తుడవనిచ్చేవాడు కాదు, తనే తుడిచేవాడు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదమ్మా."

"వానకి గీత చెరిగి ఈ జానెడు మిగిలిపోయిందండీ. లోతు నీళ్ళలోనే ఓడ మునగడం మొదలెట్టింది. జనాన్ని బతికించడానికే తాత కావాలని ఇసుకకెక్కించాడు."

ఆయన తడి బల్ల మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. సిరా కాస్త అలికింది. "కునుకు సంగతి అబద్ధమని ఊళ్ళో నేనే చెప్తాను," అన్నాడు.

ఇంటికొచ్చి నాయనమ్మకి అంతా చెప్పింది. ముసలావిడ ఉద్యోగం సంగతి అడగలేదు.

"అయితే ఆయన నిద్రపోలేదుగా?"

"లేదు నాయనమ్మా. చివరిదాకా మెలకువగానే ఉన్నాడు."

"హమ్మయ్య," అంది నాయనమ్మ. అరవై ఏళ్ళలో పగలు ఒక్కసారైనా కళ్ళు మూసి ఎరగని మనిషి, అటు తిరిగి పడుకుని గురకపెట్టి నిద్రపోయింది.