జడ్జిగారికి అడవి బాదం

తోడికోడళ్ళిద్దరూ ఒకే దర్జీ కొట్లో ఎదురెదురు మిషన్ల మీద కూర్చుంటారు, పదకొండు నెలలుగా మాట్లాడుకోరు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ కొట్టూ ఒకటే, కత్తెరా ఒకటే, ఇక ఇమడడమేమిటి? అయినా పని ఆగదు కాబట్టి చెప్పుకోవలసినవన్నీ ఉడుతకి చెప్పేవారు.

రోజూ మూడింటికి కిటికీ గట్టెక్కే ఆ ఉడుతని పెద్దకోడలే పెంచింది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు వాన గొట్టంలోంచి జారిపడితే, సిరా ఫిల్లరుతో పాలచుక్కలు పట్టి, గుడ్డపేలికల డబ్బాలో పడుకోబెట్టి బతికించింది. ఇద్దరి వాదనలూ బుద్ధిగా వింటుందని కొట్టుకొచ్చేవాళ్ళు దానికి జడ్జిగారని పేరు పెట్టారు.

"జడ్జిగారూ, కత్తెర ఎక్కడ తగలేసిందో అడగండి," అనేది పెద్దకోడలు.

"దాని మీదే కూర్చుందని చెప్పండి జడ్జిగారూ," అనేది చిన్నకోడలు. ఉడుత లేనప్పుడు ఖాళీ గట్టుకే చెప్పుకునేవారు.

పెద్దకోడలికి మోకాళ్ళ నొప్పులు. అందుకని వెనక ఖాళీ స్థలంలో రాలిన అడవి బాదం కాయలు ఏరుకొచ్చే పని చిన్నకోడలిది. అక్కడ చెట్లు రెండు. దారి పక్కది తీపి, గోడ పక్కది చేదు.

"ఉప్పు తగిలినవి వద్దు, వేయించినవి వద్దు, బూజు పట్టినవి అసలే వద్దు," అని పెద్దకోడలు గట్టుకి రోజూ పాఠం చెప్పేది. "గోడ పక్క చేదుబాదం పచ్చి విషం. ఇంత ప్రాణి చావడానికి రెండు పలుకులు చాలు. నేను రుచి చూడందే పెట్టనుగా!"

ఆ రోజు పొద్దున పోస్టుమాస్టారు కోటు కొలతలకి వచ్చాడు. ఆయన ముందే, చిన్నకోడలు కుట్టిన చొక్కా ఒకటి ఎత్తి పట్టింది పెద్దకోడలు. "జడ్జిగారూ, ఈ బొత్తాం కాజాలు చూశారా? ఎలకలు కొరికినట్టు లేవూ?" ఆయన పడీపడీ నవ్వాడు. చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

మధ్యాహ్నం ఆమె దారి పక్క చెట్టు కింద నాలుగు కాయలు ఏరింది. తర్వాత గోడ దగ్గరికి నడిచి మరో ఆరు కలిపింది. రుచి చూస్తుందిగా, చూడనీ. ఆ నోరు ఒక్కసారైనా చేదెక్కాలి. కోపంలో ఉడుత సంగతి తట్టనే లేదు.

మూడయింది. జడ్జిగారు గట్టెక్కారు. పెద్దకోడలు ఇస్త్రీపెట్టెతో ఒక కాయ చితక్కొట్టి పలుకు కొరికింది. చిన్నకోడలు నవ్వాపుకోవడానికి దారం పళ్ళ మధ్య పెట్టుకుంది.

"తీపే," అంటూ పెద్దకోడలు మిగతా తొమ్మిదీ గట్టు మీద పోసేసింది. "అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదూ జడ్జిగారూ?"

చిన్నకోడలు చటుక్కున తలెత్తింది. తల ఎత్తి చూస్తే ఓడినట్టని ఇన్నాళ్ళూ అటు చూడలేదు, అక్క ప్రతి కాయా కొరికి చూస్తుందనే అనుకుంది. ఒక కుండలో అన్నానికైతే ఒక్క మెతుకు సరే. ఇవి రెండు కుండలవి.

ఉడుత ఒక కాయ ఎత్తి తిప్పి చూస్తోంది. నోరు విప్పితే పదకొండు నెలల పంతం మట్టిలో కలుస్తుంది, చేసిన పనీ బయటపడుతుంది. పెంకు మీద పళ్ళు గీరిన చప్పుడైంది.

"అక్కా! తీసెయ్! చేదువి కలిపాను!"

ఆ కేకకి ఉడుత కాయ వదిలి గొట్టం మీదుగా పారిపోయింది. పెద్దకోడలు ఆ గీరిన కాయనే చితక్కొట్టి కొరికింది. మొహం వికారంగా పెట్టి ఉమ్మేసింది. చిన్నకోడలు కోరుకున్న మొహం అదే. తీరా వచ్చాక చూడలేకపోయింది.

"నా మీద కోపముంటే నన్ను తిట్టు," అంది పెద్దకోడలు. పదకొండు నెలల తర్వాత సూటిగా అన్న మొదటి మాట. "దాని నోటికి ఎందుకు తెచ్చావే?"

"నీ నోటికే తెచ్చాను."

పెద్దకోడలు మోకాళ్ళు పట్టుకుని లేచి, కాయలు ఏరడానికి తనే ఖాళీ స్థలంలోకి నడిచింది.

నాలుగు రోజులకి ఉడుత మళ్ళీ వచ్చింది. గట్టు అంచున ఆగి, చిన్నకోడల్ని చూసి వెనక్కి తిరిగింది.

"మూడింటికి నువ్వు బయట ఉండు," అంది పెద్దకోడలు.

ఇప్పుడు మూడయ్యేసరికి చిన్నకోడలు సూది గుచ్చిపెట్టి, ఎవరూ చెప్పకముందే బయటికి నడుస్తుంది. గోడవతల నిలబడితే లోపల ఒక్కొక్క కాయా చితక్కొడుతున్న చప్పుడు వినిపిస్తుంది. పెద్దకోడలు జడ్జిగారితో ఎడతెగకుండా మాట్లాడుతూనే ఉంటుంది. ఆ మాటల్లో చిన్నకోడలికి చెప్పమన్నది ఒక్కటీ ఉండదు.