ట్రేలో మూడు గడ్డలు

అక్క ఆపరేషన్‌కు ఆదోని పోయే ముందు ముగించాల్సిన పనులు నోటుపుస్తకం వెనక రాసుకున్నాను. అక్క స్కానింగ్ కాగితాలన్నీ ఒకే కవర్లో పెట్టాలి. ఐరన్ ఇంజెక్షన్లు అయ్యాక హిమోగ్లోబిన్ మళ్లీ పరీక్ష చేయించాలి. రక్తం ఇచ్చేవాళ్లను ఇద్దరిని చూడాలి. అమ్మ చుట్టాల్సిన నూలు కండెలు ముందే చుట్టి మగ్గాలవాళ్లకు ఇచ్చేయాలి. మధు బావ పత్తి యార్డులో సెలవు పెట్టాలి. అమ్మను ఒప్పించాలి.

చివరిదాని ముందర మిగతావన్నీ సులభం.

మా అక్క స్వాతికి ముప్పై ఒకటి. మధు బావతో పెళ్లయి ఆదోని పోయి ఐదేళ్లు, పిల్లల్లేరు. ఏడాదిగా నెలసరి పది రోజులైనా ఆగడం లేదు. ఎమ్మిగనూరులో మొదట చూసిన డాక్టరు గర్భసంచిలో మూడు గడ్డలున్నాయనీ, కేన్సరు కాదనీ, సంచి తీసేస్తే ఏ బాధా ఉండదనీ చెప్పాడు. ఆదోనిలో డాక్టరమ్మ మాత్రం గడ్డల్ని తీసి సంచిని కుట్టేయొచ్చంది. అక్క ఆ మాట పట్టుకుంది.

"నాది తీయలేదా?" అంది అమ్మ నావైపు చెయ్యి చూపిస్తూ. "ఈ పాప రెండేళ్ల పిల్లప్పుడే తీసేసిరి. బాగలేనా నేను?"

"నీకు మేమిద్దరం పుట్టినాక తీసిరి గదమ్మా. నాకు బిడ్డ కావల్ల."

"కుట్టినాక మళ్లా గడ్డలొస్తే? ఒకేసారి పోతే పీడ పోతాది. నాకేమైంది, సెప్పు."

"రోజూ నడుముకు మందు రాయించుకునేది ఎవురు మరి?" అన్నాను నేను.

"అది కండెలు సుట్టి వచ్చింది లే."

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ఏ కాగితమొచ్చినా చదివి చెప్పాల్సింది నేనే. ఇది మాత్రం నేను చెబితే అమ్మ నమ్మదని, నేరుగా తీసుకుపోయి డాక్టరమ్మ ముందే కూర్చోబెట్టాను.

"చూడమ్మా, పడుగులో చిక్కు పడితే పడుగంతా కోసేస్తారా?" అని మొదలుపెట్టింది డాక్టరమ్మ.

"మగ్గం సంగతి మాకు దెల్సులే మేడం. నువ్వు సంచి సంగతి సెప్పు," అంది అమ్మ.

డాక్టరమ్మ నవ్వి కాగితం మీద బొమ్మ గీసింది. గడ్డలు చిన్నవై సంచి లోపలికి ఉంటే కింది నుంచి కెమెరా పెట్టి తీస్తారట. కొన్నిటికి పొట్ట మీద చిన్న రంధ్రాలు చాలట. అక్కవి పెద్దవి, గోడలో లోతుగా ఉన్నాయి కాబట్టి పొట్ట కోయాలి. రక్తం ఎక్కువ పోవచ్చు. ఎంతకీ ఆగకపోతే ప్రాణం కోసం సంచి తీయాల్సి రావచ్చు, అది అరుదు. గడ్డలు మళ్లీ రావచ్చు. బిడ్డ నిలిస్తే కాన్పు కూడా ఆపరేషనే కావచ్చు. ఆమె ఏదీ దాచలేదు.

అమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"నాకు తీసినప్పుడు గూడా ఇట్లా కుట్టేది ఉండెనా?"

"ఉండెనమ్మా. ఈ పక్క చేసేవాళ్లు తక్కువ. నీకు ఏముండెనో కాగితం చూడకుండా చెప్పలేను."

"కాగితం యాడిది? వేలిముద్ర ఏయమన్నారు, ఏసినా."

అంతే. ఎమ్మిగనూరులో బస్సు దిగినాక అమ్మ, "ఆపరేషన్‌కు ఏ పొద్దు రమ్మనింది?" అని అడిగింది.

ఆపరేషన్‌కు ముందు రోజు రక్తనిధికి పోయాం. ఏ గ్రూపైనా సరే, తీసుకునేదానికి బదులు ఇవ్వాలన్నారు. బావ స్నేహితుడు, ఆటో నడిపే ఖాజా, ఇచ్చాడు. వస్తానన్న రెండో మనిషి ఫోనే ఎత్తలేదు. అమ్మ రవిక చెయ్యి పైకి మడిచింది.

"నీకెందుకత్తా, నీరసం వస్తాది," అన్నాడు బావ.

పరీక్ష చేస్తే అమ్మ హిమోగ్లోబిన్ పన్నెండు పాయింట్ ఎనిమిది వచ్చింది. అక్కకు ఇంజెక్షన్లన్నీ అయ్యాక కూడా పదకొండే.

"సూసినారా," అంది అమ్మ అందరి వైపూ తిరిగి.

"పెద్దమ్మా, నీకు గుచ్చితే సూదే వంగిపోతాదేమో," అన్నాడు ఖాజా. అమ్మ పోయి రక్తమిచ్చి వచ్చింది.

మరుసటి రోజు ఆపరేషన్ రెండున్నర గంటలు పట్టింది. తలుపు తెరుచుకుని నర్సు ట్రే పట్టుకొచ్చింది, తీసినవి ఇంటివాళ్లకు చూపించడానికి. బావ ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. అమ్మ మాత్రం వంగి చూసింది. జామకాయంత ఒకటి, నిమ్మకాయలంత రెండు. వేలు పెట్టి చూపిస్తూ లెక్కపెట్టింది.

"మూడేనా? ఇంగేం లేదు గదా ఇందులో?"

"లేదమ్మా."

"సంచి?"

"లోపలే ఉంది. కుట్టేసినారు."

అమ్మ బెంచీ మీద కూర్చుని, తెచ్చుకున్న ఫ్లాస్కు తీసి, నర్సుకే మొదట టీ పోసింది.

ఇది జరిగి ఎనిమిది నెలలు. అక్కకు నెలసరి ఐదు రోజుల్లో ఆగిపోతోంది. ఇక ప్రయత్నించవచ్చని డాక్టరమ్మ చెప్పింది. బిడ్డ సంగతి ఇంకా ఏమీ తెలియదు. ఆదోని నుంచి అక్క ఫోన్ చేసినప్పుడల్లా నవ్వుతూనే మాట్లాడుతుంది, అది చాలు.

మీ ఇంట్లో ఎవరి ముందుకైనా సంచి తీసేయాలనే కాగితం వస్తే, సంతకం పెట్టే ముందు ఇంకో దారి ఉందా అని అడగండి. అడగడానికి మొహమాటం వేస్తే, ఇరవై ఎనిమిదేళ్లకు ఎవరూ ఏమీ చెప్పకుండానే వేలిముద్ర వేసి, యాభై రెండేళ్లకు ట్రేలోకి వంగి చూసిన మా అమ్మ వెంకటేశ్వరమ్మను ఒకసారి గుర్తు చేసుకోండి.