కళ్ళకద్దుకునే ఆటగాడు

శ్యామసుందరి కొడుకు సుబ్బు మంచు మీద మనిషిని గుద్ది పడెయ్యడంలో ఎవరికీ తీసిపోడు. చిక్కంతా గుద్దిన తర్వాతే.

పదిహేడేళ్ళవాడు. ఆరడుగులకి అంగుళం తక్కువ. ఐస్ హాకీలో వాడు డిఫెండరు. అంటే నల్లటి రబ్బరు బిళ్ళని కర్రతో తోసుకుంటూ గోలు మీదికి దూసుకొచ్చేవాడికి అడ్డంపడి, భుజంతో ఒక్కటిచ్చి, ఆ బిళ్ళ లాక్కోవాలి. పక్ అంటారు దాన్ని. అంతవరకూ బ్రహ్మాండంగా చేస్తాడు. కానీ ఆ తోపులాటలో వాడి కాలు అవతలివాడికి తగిలిందా, కొంప మునిగినట్టే. చటుక్కున వంగి, అవతలివాడి మోకాలో భుజమో ముట్టుకుని, ఆ చేతిని తన హెల్మెట్‌కున్న ఇనప జాలీకి టకటకా రెండుసార్లు అద్దుకుంటాడు. కళ్ళు జాలీ వెనకాల ఉన్నాయి కాబట్టి అక్కడితో ఆగుతుంది, లేకపోతే కళ్ళకే అద్దుకునేవాడు. ఈలోగా పక్ వెళ్ళి గోల్లో కూర్చుంటుంది.

ఈ ఏడు అలా కూర్చున్నవి ఏడు గోల్స్.

ఆ అలవాటు చేసింది శ్యామసుందరే. తణుకు దగ్గర పల్లెలో పుట్టి, కాకినాడలో ఇంజినీరింగు చదివి, మెల్‌బోర్న్ శివార్లలో పాయింట్ కుక్‌లో కాపురం పెట్టిన మనిషి. కొడుక్కి తెలుగు చదవడం నేర్పలేకపోయింది. గోంగూర తినిపించలేకపోయింది. ఈ ఒక్కటి మాత్రం పట్టుబట్టి నేర్పింది. మనిషికి కాలు తగిలినా, పుస్తకానికి తగిలినా ముట్టుకుని కళ్ళకద్దుకోవాలి. మర్చిపోతే తొడపాశం. రెండేళ్ళ వయసులో మొదలుపెడితే నాలుగేళ్ళకల్లా తొడపాశంతో పనిలేకుండా పోయింది. నిద్రలో గోడకి కాలు తగిలినా వాడి చెయ్యి దానంతటదే వెళ్ళి గోడని ముట్టుకుని వచ్చేది. వచ్చినవాళ్ళందరికీ ఆ ముచ్చట చెప్పుకుని మురిసిపోయేది శ్యామసుందరి.

జూన్ నెలలో ఓ ఆదివారం ప్రాక్టీసయ్యాక కోచ్ హెలెనా మొగుడూపెళ్ళాలిద్దర్నీ పక్కకి పిలిచింది. ఫిన్లాండ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. నవ్విందో లేదో కనిపెట్టడానికి కొంత అనుభవం కావాలి.

"సెప్టెంబర్లో టోర్నమెంటుకెళ్ళే స్టేట్ అండర్ ఎయిటీన్ టీమ్‌లో డిఫెన్స్‌కి ఒక్క ప్లేసే మిగిలింది. సుబ్బుకి ఇవ్వాలని నాకుంది. కానీ వాడు చేసే ఆ పనేంటి? ప్రేయరా?"

శ్యామసుందరి మొగుడు పాండురంగ బ్యాంకులో సాఫ్ట్‌వేర్ టెస్టరు. గొంతు సవరించుకుని, "ప్రేయర్ కాదు, హెలెనా. రెస్పెక్ట్. ఇట్సే డిఫాల్ట్ సెట్టింగ్," అన్నాడు.

"అయితే సెట్టింగ్ మార్చండి. వచ్చే శనివారం సెలెక్షన్ మ్యాచ్. ఒక్కసారి వంగినా వాడి పేరు రాయను. వచ్చే ఏడాదికి వాడి వయసు దాటిపోతుంది."

కారెక్కి ఫ్రీవే మీదికి వచ్చారు.

"ఎవరు నేర్పమన్నారు నిన్ను?" అన్నాడు పాండురంగ.

"అబ్బో! మీ మేనేజరు భోజనానికొచ్చిన రోజున, 'చూశారా మా వాడి కల్చరు' అని ఆయన బూటుకి వీడి కాలు మూడుసార్లు తగిలించింది ఎవరండీ?"

వెనక సీట్లోంచి సుబ్బు, "గైస్, ప్లీజ్. ఐ డోంట్ ఈవెన్ థింక్ అబౌట్ ఇట్. చెయ్యి జస్ట్ గోస్," అన్నాడు. శ్యామసుందరి వెనక్కి తిరిగింది. తొమ్మిదేళ్ళప్పుడు ఎవరి బర్త్‌డే పార్టీలోనో మొదటిసారి మంచు మీద కాలుపెట్టి, దమ్ముచేసిన బురద చేలో దూడలా జారిపడ్డవాడు. ఎనిమిదేళ్ళుగా వారానికి మూడు రోజులు తెల్లారకుండా లేచి వెళ్తున్నాడు. తన తొడపాశం వల్ల వాడి ఆట పోతే ఆ మొహం ఎలా చూడాలో ఆవిడకి తెలియలేదు.

"నేర్పినదాన్ని నేనే మాన్పిస్తాను," అంది.

సోమవారం సాయంత్రం గరాజ్‌లోంచి కారు బయటపెట్టారు. పాండురంగ సైకిల్ హెల్మెట్ పెట్టుకుని, ముందొకటి వెనకొకటి దిళ్ళు కట్టుకుని నిలబడ్డాడు. సుబ్బు వచ్చి తండ్రి కాలు తొక్కి, వంగకుండా పోవాలి. వంగితే వేళ్ళమీద వెయ్యడానికి శ్యామసుందరి అట్లకాడ పట్టుకుని కాపలా. తొమ్మిదిసార్లు తొక్కాడు, తొమ్మిదిసార్లూ చెయ్యి వెళ్ళింది, తొమ్మిదిసార్లూ అట్లకాడ పడింది. పదోసారి తొక్కి, అటూ ఇటూ చూడకుండా పోయాడు.

"శభాష్!" అంది శ్యామసుందరి.

పాండురంగ మొహం మాడ్చుకున్నాడు. "ఏరా, కన్నతండ్రి కాలు తొక్కి అట్టా దులుపుకుని పోతావా?"

"డాడ్! దట్స్ ద డ్రిల్!"

"డ్రిల్లే అనుకో. మొహంలో ఓ పిసరు బాధన్నా ఉండొద్దురా? గడపని తొక్కినట్టు తొక్కావ్."

"మీరు నోరు మూసుకుని నిలబడండి," అంది శ్యామసుందరి. "వాడిప్పుడిప్పుడే దార్లో పడుతున్నాడు."

బుధవారం ఆవిడే దిళ్ళు కట్టుకుంది. "ఊఁ, తన్ను."

"నో వే, మమ్."

"తన్నరా అంటే!"

పాలు వేడిగా ఉన్నాయేమోనని వేలు పెట్టి చూసినట్టు, బొటనవేలు కొసతో తల్లి మడమని తాకాడు. చెయ్యి బయల్దేరింది. అట్లకాడ పడింది. ఆ రాత్రి వాడి వేళ్ళకి కొబ్బరినూనె రాసిందీ ఆవిడే. శుక్రవారం సాయంత్రం వంటింట్లో ఫ్రిజ్ దగ్గరికి పోతూ సుబ్బు తల్లి పాదం గట్టిగానే తొక్కాడు. వంగలేదు. చూడనుకూడా లేదు. పెరుగు డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ డ్రిల్ అనలేదు, అది మామూలుగా తొక్కినదే. గెలిచానని శ్యామసుందరికి తెలుస్తూనే ఉంది. ఆ పూట పప్పులో రెండుసార్లు ఉప్పేసింది.

శనివారం ఐస్ రింకులో చలి ఎముకలు కొరుకుతోంది. చూడలేనని పాండురంగ చిప్స్ కొనే వంకతో క్యాంటీన్‌లో నక్కాడు. శ్యామసుందరి మెట్ల మీద ఒక్కతే కూర్చుంటే, పక్కన శాలువా, ఉన్ని టోపీ, ఫ్లాస్కుతో ఒకావిడ దిగబడింది.

"తెలుగువారేనాండీ? మాది పాలకొల్లండీ. జ్ఞానకుమారి. హాస్పిటల్లో నర్సుని."

"మాది తణుకు పక్కనేనండీ!"

ఇద్దరికీ చలి సగం తగ్గింది. టీ పంచుకున్నారు. జ్ఞానకుమారి కొడుకు ఏతాన్, పసుపు చొక్కా పదకొండో నంబరు, గోల్స్ కొట్టే ఫార్వర్డు. సుబ్బుది నీలం చొక్కా. ఏతాన్‌కి స్టేట్ టీమ్‌లో చోటు రావాలని చర్చిలో అందరూ ప్రార్థన చేశారట. ఈ రెండు జట్ల పిల్లల్లోంచే ఆ టీమ్‌ని ఏరతారు.

మూడు పీరియడ్ల ఆటలో మొదటి రెండూ సుబ్బు రాయిలా ఆడాడు. ముగ్గుర్ని పడేశాడు, రెండుసార్లు కాలు తగిలింది, వంగలేదు. గాజుగోడ పక్కన హెలెనా అట్టమీద ఏదో రాసుకుంటోంది. ఆట ఇంకా రెండు నిమిషాలుందనగా స్కోరు మూడు, మూడు సమానం. పదకొండో నంబరు పక్ తీసుకుని బాణంలా వచ్చాడు. సుబ్బు భుజంతో అడ్డుపడ్డాడు. ఇద్దరూ కాళ్ళూ కాళ్ళూ మెలేసుకుని దబ్బున కూలారు. పక్ ఏతాన్ కర్ర పక్కనే ఆగింది.

సుబ్బు కుడిచెయ్యి గాల్లోకి లేవడం చూసింది శ్యామసుందరి.

"వద్దురా నాన్నా, వద్దు, వద్దు," అని శాలువా నోట్లో కుక్కుకుంది. శాలువా జ్ఞానకుమారిది.

చెయ్యి గాల్లోనే ఆగింది. వెనక్కి పోయింది.

ఏతాన్ మోకాలి మీద లేచాడు. కర్ర ఆడిస్తే చాలు, పక్ వాడిదే. కానీ ఆడించలేదు. సుబ్బు వైపు తిరిగి, వాడి మోకాలి ప్యాడు ముట్టుకుని, ఆ చేతిని తన జాలీకి టకటకా రెండుసార్లు అద్దుకున్నాడు.

సుబ్బు అర సెకను నోరెళ్ళబెట్టాడు. అర సెకనే. పక్ లాక్కుని, ఖాళీగా ఉన్న దారిలో పడి, అవతలి గోల్లో కొట్టాడు.

శ్యామసుందరి ఎగిరి గంతేసింది, ఈల కూడా వేసింది. పెళ్ళయ్యాక అదే మొదటి ఈల. అప్పుడు పక్కకి చూసింది. జ్ఞానకుమారి కప్పు పట్టుకుని కదలకుండా కూర్చుంది.

ఆట అయ్యాక హెలెనా మైకులో పేర్లు చదివింది. డిఫెన్స్‌లో ఆఖరి పేరు సుబ్బుది. ఏతాన్ రిజర్వుల్లో.

కాసేపటికి జ్ఞానకుమారి నెమ్మదిగా అంది. "మావాడికి మా అమ్మ నేర్పిందండీ. మనిషికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలని. ఎక్కడున్నా మర్చిపోడు."

"చూశానండీ. బంగారంలాంటి పిల్లాడు."

"మీవాడి కాలూ మావాడికి తగిలింది కదండీ."

"...తగిలిందండీ."

"మరి? ఇంట్లో ఎవరూ నేర్పలేదాండీ?"

శ్యామసుందరికి చెవుల్లోంచి పొగలొచ్చాయి. రెండేళ్ళపాటు పెట్టిన తొడపాశాలు, మేనేజరు బూటు, నిద్రలో ముట్టుకున్న గోడ, అన్నీ నాలుక చివరికొచ్చాయి. నేర్పానని చెప్తే, అట్లకాడ పుచ్చుకుని మాన్పించిన సంగతీ చెప్పాలి. కింద సుబ్బు హెల్మెట్ ఊపుతూ, "మమ్! ఐయామ్ ఇన్!" అని అరుస్తున్నాడు.

"ఏం చేస్తామండీ," అంది శ్యామసుందరి తలొంచుకుని. "ఇక్కడ పుట్టిన పిల్లలు."

జ్ఞానకుమారి మనసు కరిగింది. ఫ్లాస్కులో మిగిలిన టీ ఆవిడ కప్పులో ఒంపింది. "బాధపడకండి. ఇప్పటికైనా మించిపోలేదు. మెల్లిగా కూర్చోబెట్టి చెబితే వాళ్ళే నేర్చుకుంటారు."

"చెబుతానండీ, తప్పకుండా చెబుతాను," అంది శ్యామసుందరి టీ ఊదుకుంటూ. "సెప్టెంబర్లో ఈ టోర్నమెంటు కాస్త అయిపోనివ్వండి."