చేతులు ఎక్కడ పెట్టుకోవాలి

లుసుంగుకి చేతివేగం ఎక్కువ. సరస్సు ఒడ్డునున్న మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు కాన్పుల వార్డు నర్సుగా చేసి, పోయిన ఏడాదే ఆ ఆవరణలోని నర్సింగ్ స్కూల్లో టీచరుగా చేరింది. బిడ్డ అడ్డం తిరిగినా, తల్లికి రక్తం ఆగకపోయినా అందరూ ముందు ఆమె కోసమే పరిగెత్తేవాళ్ళు. టీచరయ్యాక కూడా ఆ చేతులు ఊరుకోలేదు. విద్యార్థిని కత్తెర పట్టుకుని ఒక్క క్షణం తడబడితే చాలు, "ఇలా ఇవ్వమ్మా" అని అందుకునేది. పని చక్కగా అయిపోయేది. పాఠం కూడా అయిపోయిందనే ఆమె అనుకునేది.

కొత్త టీచర్లందరూ బోధన గురించి తాము నమ్మేదేమిటో ఒక పేజీ రాసివ్వాలని ప్రిన్సిపాల్ అడిగింది. లుసుంగు ఓ ఆదివారం చర్చి నుంచి వచ్చి, "నా తరగతిలో విద్యార్థే కేంద్రం" అని మొదలుపెట్టి పేజీ నింపేసింది. ప్రిన్సిపాల్‌కి నచ్చి నోటీసు బోర్డుకు అంటించింది.

మర్నాడు మధ్యాహ్నం వంటశాల వెనక పంపు దగ్గర విద్యార్థినులు కంచాలు కడుగుతూ మాట్లాడుకుంటుంటే, అటుగా వచ్చిన లుసుంగు చెవిన పడింది.

"విద్యార్థే కేంద్రమట, చదివారా?" అంది తడాలా అనే పొడుగుపిల్ల. "మరి ఆ కేంద్రాన్ని ఎప్పుడూ గోడవారన నిలబెడతారేం?"

అందరూ పకపకా నవ్వారు. మ్వాండిడా మాత్రం నవ్వలేదు. చివరి ఏడాది పిల్ల. క్లాసులో నోరు విప్పడమే తక్కువ.

"మీకు నవ్వులాటగానే ఉంటుంది" అంది కంచానికి అంటిన మొక్కజొన్న ఎన్‌సిమా ముద్ద గీకుతూ. "చదువైపోగానే, వచ్చే నెల నన్ను కొండమీది ఆరోగ్య కేంద్రానికి వేశారు. అక్కడ ఉండేది నేనొక్కదాన్నే. పుట్టిన బిడ్డ ఏడవకపోతే అక్కడ ఎవరి భుజం మీంచి తొంగి చూడాలే నేను?"

లుసుంగు వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. ముందు ఒళ్ళు మండింది. ఎంతమంది ప్రాణాలు నిలబెట్టిన చేతులివి, వీళ్ళకేం తెలుసు అనుకుంది. వార్డు చేరేసరికి ఆ కోపం పోయి, దానికన్నా బరువైనదేదో గుండెల్లో కూర్చుంది. మ్వాండిడాని పిలిపించింది.

"పంపు దగ్గర నువ్వన్నది విన్నాను."

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "తప్పయిపోయింది మేడమ్."

"అది తర్వాత. బిడ్డకి ఊపిరెక్కించే బ్యాగు ఎన్నిసార్లు పట్టుకున్నావు?"

"బొమ్మ మీద చాలాసార్లు పట్టుకున్నాను."

"బిడ్డ మీద?"

"పట్టుకోబోయాను మేడమ్. రెండుసార్లు."

ఆ రెండుసార్లూ ఏం జరిగిందో ఇద్దరికీ తెలుసు.

ఆ పూట వార్డులో ఉన్నది ఎనిఫా, ఓ జాలరి భార్య. తొలిచూలు. నొప్పులు ముందురోజు మొదలయ్యాయి. ఆమె అమ్మమ్మ, అందరూ అగోగో అని పిలిచే ముసలావిడ, తలుపవతల చాప మీద కూర్చుని ఉంది.

"ఈ కాన్పు మ్వాండిడా చేస్తుంది" అని చెప్పింది లుసుంగు, వార్డు పెద్ద నర్సు న్ఖోమా అమ్మతో. లుసుంగుకి పని నేర్పింది ఆవిడే.

ఆవిడ కళ్ళద్దాల మీంచి చూసింది. "నోటీసు బోర్డు నేనూ చూశాను పిల్లా. కాగితం మీద రాసిన మాటకోసం పుట్టబోయే బిడ్డతో ఆటలాడకు."

"ఆటలు కాదమ్మా. బిడ్డ గుండె వేగం తగ్గితే నేనే అందుకుంటాను."

"తగ్గాక అందుకుంటే ఏం లాభం?"

లుసుంగు రెండు చేతులూ ఆప్రాన్ జేబుల్లో పెట్టుకుని మంచం పక్కన నిలబడింది.

మధ్యాహ్నం రెండు గంటలు దాటాక బిడ్డ తల కనిపించింది. మెడకు బొడ్డుతాడు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. మ్వాండిడా తడబడకుండా తప్పించింది. బిడ్డ జారి చేతుల్లోకి వచ్చింది. ఆడపిల్ల. తడిగుడ్డలా వేలాడుతోంది. ఏడుపు లేదు.

మ్వాండిడా చితెంజె గుడ్డతో ఒళ్ళంతా తుడిచింది, వీపు రుద్దింది. బిడ్డ కదలలేదు. తాడు కోసి బల్లమీదికి తెచ్చి, మాస్కు ముఖానికి ఆనించి బ్యాగు నొక్కడం మొదలుపెట్టింది. లుసుంగు బొడ్డుతాడు మొదట్లో రెండు వేళ్ళు పెట్టింది. నాడి ఆడుతోంది, కానీ నీరసంగా.

"నా బిడ్డ ఏడవదేం?" అంది ఎనిఫా మంచం మీంచి.

"ఏం చూస్తున్నావు?" అడిగింది లుసుంగు, గొంతు పెంచకుండా.

"బ్యాగు, మేడమ్."

"బ్యాగును కాదు. ఛాతీ చూడు."

మ్వాండిడా చూసింది. "లేవట్లేదు."

"ఎందుకు లేవట్లేదు?"

ఆ మాటతో మ్వాండిడా బిగుసుకుపోయింది. బ్యాగు మీది చెయ్యి ఆగింది. వేళ్ళ కింద నాడి ఇంకా మెల్లబడుతోందని లుసుంగుకి తెలుస్తోంది.

"అందుకో" అంది న్ఖోమా అమ్మ. "అందుకోవేమే, ఇంకా చూస్తావేం?"

లుసుంగు చేతులు లేచాయి. ఆ బ్యాగు లాక్కుని, మ్వాండిడాని భుజంతో పక్కకి నెట్టడం ఆమెకి కనురెప్ప వేసినంత పని. వేళ్ళు బ్యాగు దాకా వెళ్ళాయి కూడా. అక్కణ్ణుంచి కిందికి దిగి, మాస్కునీ చిన్నారి దవడనీ రెండు చేతులతో పట్టుకున్నాయి.

"ముఖం నేను పట్టుకుంటాను. నువ్వు బ్యాగు ఆపకు. నొక్కు. కళ్ళు ఛాతీ మీదే ఉంచు."

మ్వాండిడా నొక్కింది. మరీ వెనక్కి వాలిపోయిన తలని లుసుంగు కాస్త ముందుకి తెచ్చి, గడ్డం ఎత్తింది.

"లేచింది మేడమ్."

"మళ్ళీ."

"లేచింది."

న్ఖోమా అమ్మ స్టెతస్కోపు ఆనించి వింది. కాసేపటికి "పుంజుకుంటోంది" అంది.

"నా వేళ్ళు ఎక్కడున్నాయో చూడు" అంది లుసుంగు మ్వాండిడాతో. "ఇప్పుడు ముఖం కూడా నువ్వే పట్టుకో."

"ఇప్పుడెందుకే ఆ పట్టుదల?" న్ఖోమా అమ్మ గొంతు కరుకుగా ఉంది.

"ఇప్పుడు గుండె బాగుందమ్మా. బాగున్నప్పుడే ఇవ్వాలి."

చెయ్యి మారింది. మొదటి నొక్కుకి ఛాతీ లేవలేదు. మ్వాండిడా తనంతట తనే గడ్డం సరిచేసి మళ్ళీ నొక్కింది. లేచింది. ఇంకొన్ని ఊపిర్లు. అప్పుడు చిన్నారి ముఖం ముడుచుకుంది, ఎక్కిళ్ళలాంటి శబ్దం వచ్చింది, తర్వాత సన్నగా, కోపంగా ఏడుపు. తలుపవతల అగోగో దేవుడి పేరు తలుచుకోవడం లోపలికి వినిపించింది.

తల్లి పొట్టమీద బిడ్డను పడుకోబెట్టి, మిగతా పనంతా అయ్యాక, మ్వాండిడా బయట మెట్టు మీద కూలబడింది. లుసుంగు టీ కప్పు అందించింది. తనూ పక్కనే కూర్చుంది.

"ఛాతీ చూడమన్నారు చూడండి, అది పనికొచ్చింది మేడమ్" అంది మ్వాండిడా. "ఎందుకు లేవట్లేదని అడిగారే, అప్పుడు మాత్రం తల ఖాళీ అయిపోయింది. పరీక్షలో నిలబెట్టినట్టయింది."

లుసుంగుకి ఆ మాట గుచ్చుకుంది, అయినా ఒప్పుకుంది. "నిజమే. అది మెట్టు మీద కూర్చుని అడగాల్సిన ప్రశ్న. ఇప్పుడు అడుగుతున్నాను. ఎందుకు లేవలేదు?"

"తల మరీ వెనక్కి వంచేశాను. గొంతు మూసుకుపోయింది."

"అంతే."

లోపలికి వెళ్ళేసరికి ఎనిఫా మేలుకునే ఉంది. బిడ్డ పాలు పట్టుకుంటోంది.

"సిస్టర్, నా బిడ్డ మీదేనా ఆ పిల్ల పని నేర్చుకుంది?"

లుసుంగుకి అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "అవునమ్మా. నేను పక్కనే ఉన్నాను. నాడి ఎవరో ఒకరం చూస్తూనే ఉన్నాం."

"నన్నడగలేదే."

"అడగలేదు."

"అడిగితే వద్దనేదాన్ని."

"అంటావనే అడగలేదేమో" అంది లుసుంగు. అన్నాక తనకే సిగ్గేసింది.

ఎనిఫా ముఖం గోడవైపు తిప్పుకుంది. అగోగో మాత్రం లుసుంగు చెయ్యి పట్టుకుని, "బిడ్డ బతికింది కాబట్టి ఇంతటితో పోయింది తల్లీ. లేకపోతే నేను నీ గుమ్మం ముందు కూర్చునేదాన్ని" అంది నెమ్మదిగా. అది దీవెనో బెదిరింపో లుసుంగుకి తేలలేదు. రెండూ అనుకుంది.

ఆ సాయంత్రం న్ఖోమా అమ్మ మందుల బీరువాకి తాళం వేస్తూ అంది: "నీకు నేర్పినప్పుడు నేనూ ఒకసారి అలాగే చేతులు కట్టుకున్నాను. నీకు తెలియలేదు. తెలియకూడదు కూడా. ఇవాళ నువ్వు ఊరంతటికీ తెలిసేలా కట్టుకున్నావు."

"మరి తల్లికి చెప్పాలా వద్దా అమ్మా?"

"అది నాకు తెలియదు. మా కాలంలో ఎవరూ అడగలేదు."

మ్వాండిడా వెళ్ళేలోపు ఇంకో బిడ్డకి బ్యాగు పట్టింది. ఆ తల్లిని లుసుంగు ముందే అడిగింది. ఆమె ఒప్పుకుంది. నెలాఖరున మ్వాండిడా పెట్టెతో కొండమీదికి వెళ్ళే లారీ ఎక్కింది.

ఆమె చోట తడాలా కాన్పుల వార్డుకి వచ్చింది. వచ్చిన రోజే నొప్పులతో ఒకావిడ చేరింది. నాలుగో కాన్పు. లుసుంగు ఆమె తల దగ్గర వంగి అడిగింది. "ఈ అమ్మాయి చేస్తుంది, నేను పక్కనుంటాను. సరేనా?"

"వద్దు" అంది ఆవిడ. "నువ్వే చెయ్యి."

తడాలా ముఖం చిన్నబోయింది. లుసుంగు ఇంకేమీ అడగలేదు, బతిమాలలేదు. చేతులు కడుక్కుని తొడుగులు వేసుకుంది.

"ఇలా రా" అంది తడాలాతో. "గోడ దగ్గర కాదు, ఇక్కడ, నా మోచేతి పక్కన. నేను చేసే ప్రతి పనికీ ముందు, ఇప్పుడేం చెయ్యాలో నువ్వు చెప్పాలి. నువ్వు చెప్పేదాకా నేను చెయ్యి కదపను."

"నేను చెప్పేదాకా ఆగుతారా మేడమ్?" నమ్మకం కుదరని గొంతుతో అడిగింది తడాలా.

"ఆగగలిగినంతసేపు ఆగుతాను. ఆగలేకపోతే అదీ చెప్తాను."

మంచం మీది ఆవిడకి నొప్పి ఎక్కువైంది. పళ్ళు బిగించి, "ఎవరో ఒకరు త్వరగా చెప్పండి" అంది.

తడాలా చెప్పడం మొదలుపెట్టింది.