దొరగారి పరుపు

ఆ చుట్టుపక్కల ఎవరికి నడుం పట్టేసినా, డాక్టరు కన్నా ముందు పరుపుల మేస్త్రి దగ్గరికే వెళ్లేవాళ్లు. మనిషిని చూడగానే ఎలాంటి పరుపు కావాలో చెప్పేస్తానని ఆయనకు కాస్త గొప్ప. వచ్చినవాళ్లను కొట్లో ఉన్న పరుపు మీద పడుకోబెట్టి, "ఊఁ, ఇప్పుడు లేవండి" అనేవాడు. పడుకునేటప్పుడు అందరూ మహారాజులేనని, లేచేటప్పుడే అసలు సంగతి బయటపడుతుందని ఆయన సిద్ధాంతం. మూలన మిషను మీద కవర్లు కుట్టే భార్యకు ఆ సిద్ధాంతం కంఠతా వచ్చు.

అంతటి మేస్త్రి పెంచుకున్న కుక్క మాత్రం గచ్చు మీద పడుకునేది.

దాని పేరు దొర. నడకలో ఠీవి చూసి మేస్త్రే ఆ పేరు పెట్టాడు. వయసు మీద పడ్డాక ఆ ఠీవి పోయింది. పొద్దున లేవబోతే ముందుకాళ్లు నిలబడేవి గానీ వెనక్కాళ్లు మాట వినేవి కావు. గోళ్లు గచ్చు మీద జర్రుజర్రున జారుతుంటే చూడలేక మేస్త్రి దాని పొట్ట కింద చేయి వేసి లేపేవాడు. దొర నామోషీ పడినట్టు మొహం పక్కకు తిప్పుకునేది.

పశువుల డాక్టరమ్మ దాని తుంటి నొక్కి చూసి పెదవి విరిచింది.

"కీళ్లు అరిగిపోయాయి మేస్త్రిగారూ. మందు ఇస్తాను గానీ, ముందు దీన్ని గచ్చు మీద పడుకోనివ్వకండి. ఈ చలికాలమంతా ఇలాగే పడుకుందంటే వెనక్కాళ్లు పూర్తిగా పడిపోతాయి. మంచి పరుపు చూసి వేయండి. మీకు నేను చెప్పాలా?"

"పరుపా! అదెంత పని!" అన్నాడు మేస్త్రి.

మంచి దూది ఏకించి, వెన్నముద్దలాంటి పరుపు కుట్టి కొట్లో పరిచాడు. దొర వచ్చింది. చుట్టూ తిరిగి వాసన చూసింది. తోక ఊపింది. ఊపి, పక్కనే గచ్చు మీద చతికిలబడింది.

'మరీ మెత్తనైంది. కూరుకుపోతే లేవలేనని దాని బెంగ' అనుకుని, ఈసారి గట్టి స్పాంజితో కుట్టాడు. మళ్లీ అదే వరస. అది నిద్రపోతున్నప్పుడు టేపు పెట్టి ముక్కు నుంచి తోక దాకా కొలిచి, తల ఆనించుకోవడానికి ఒకవైపు దిండులా గట్టు పెట్టి, రెండోవైపు కాలు ఎత్తే శ్రమ లేకుండా పల్చగా చేసి ఇంకోటి కుట్టాడు. దొర ఆ పరుపును ప్రేమగా చూసింది. చూస్తూ చూస్తూ గచ్చు మీదే కునుకు తీసింది.

"ఏం మేస్త్రీ, దొరగారు మెచ్చలేదా? మాకైతే ఒక్కమాటలో అంటగట్టేస్తావే!" అని కొట్టుకు వచ్చినవాళ్లు ఆట పట్టించారు. పైకి నవ్వాడే గానీ మేస్త్రికి ఏడుపొక్కటే తక్కువ. చలి రోజురోజుకీ ముదురుతోంది.

ఆ సాయంత్రం ఆయన ఓపిక నశించింది.

"నీకింకేం కావాలిరా? హంసతూలికా తల్పం తెప్పించాలా?" అంటూ మెడపట్టీ పుచ్చుకుని పరుపు మీదికి లాగాడు. దొర ముందుకాళ్లు తన్నిపెట్టి, చెవులు వెనక్కి వాల్చి, వణికిపోయింది.

మిషను ఆగింది.

"వదలండి దాన్ని. నచ్చక కాదు, భయపడుతోంది" అంది భార్య.

"పరుపంటే భయమేంటే?"

"పరుపంటే కాదు, మీరంటే. చిన్నప్పుడు హోటలువాళ్లకని కుట్టిన పరుపుల మీద బురదకాళ్లతో గంతులేసిందని ఎంత గోల చేశారో మర్చిపోయారా? 'ఇంకోసారి పరుపెక్కావో, తాట తీస్తా' అని వీధి వీధంతా వినబడేలా అరిచారు. ఆనాటి నుంచి ఈ కొట్లో ఏ పరుపు మీదైనా దాని వెంట్రుక చూశారా? మొక్కగా ఉన్నప్పుడు మీరే వంచారు. మానయ్యాక నిక్కమంటే ఎలా నిక్కుతుంది?"

మేస్త్రి చేతిలోంచి పట్టీ జారిపోయింది. 'మా దొర పరుపు తొక్కదు' అని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నదీ తనే. అందరి నడుముల సంగతీ చెప్పే మనిషికి తన కాళ్ల దగ్గర పడుకునే దాని సంగతి తెలియలేదు. దీపం కింద చీకటంటే ఇదే. తుంటి సలుపుతున్నా, మెత్తని పరుపు పక్కనే ఉన్నా, ఎప్పుడో ఆయన కోపంలో అన్న మాట పట్టుకుని గచ్చు మీదే పడుకుంది పిచ్చి సన్నాసి. ఆయనకు సిగ్గేసింది. అంతకు మించి, దాని మీద ప్రేమ పొంగుకొచ్చింది.

వెళ్లి ఆ కుక్కపరుపు మీద తనే పడుకున్నాడు. మోకాళ్ల నుంచి కిందంతా గచ్చు మీదే ఉంది. పక్కన చేత్తో తట్టాడు.

"ఎక్కు" అన్నాడు.

దొర ఆయన మొహంలోకి చూసింది.

"ఎక్కరా దొరా. నేనే చెబుతున్నాగా."

ఒక కాలు పెట్టింది. పెట్టి, తిట్టు కోసం ఆగింది. తిట్టు రాలేదు. రెండో కాలు పెట్టింది. మళ్లీ ఆయన మొహం చూసింది. ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. వెనక్కాళ్లు మెల్లగా ఈడ్చుకొచ్చి, ఓ చుట్టు తిరిగి, ఆయన పొట్టకు వీపు ఆనించి పడుకుని, గుండెల్లోంచి గాలంతా వదిలింది.

"ఇక మీరు లేవండి. అది మీ కొలతలకు కుట్టింది కాదు" అంది భార్య.

"ఉండవే. ఇప్పుడే కళ్లు మూసింది."

చలికాలం సగమయ్యేసరికి దొర ఎవరి చేయీ లేకుండా తనంతట తనే లేవడం మొదలుపెట్టింది. మేస్త్రి పొద్దున్నే వచ్చి, ఏదో పనున్నట్టు నటిస్తూ, అది లేచేదాకా నిలబడి చూసేవాడు.

ఓ ముసురు రోజున, స్కూలు మేష్టారు కుట్టమన్న పెద్ద పరుపు తయారైంది. మల్లెపువ్వులాంటి తెల్లటి కవరు తొడిగి, చివరి కుట్లు వేయడానికి నేల మీద పరిచి, మేస్త్రి దారపుండ కోసం లోపలికెళ్లాడు. తిరిగొచ్చేసరికి దొర వీధిలో తడిసొచ్చి, బురదకాళ్లతో, ఆ పరుపు నట్టనడుమ నాలుగు కాళ్లూ బారజాపుకుని ఉంది.

"ఏ..." అని మేస్త్రి నోరు తెరిచాడు.

దొర తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

మేస్త్రి నోరు మూసుకుని, దారపుండ పక్కన పెట్టి, భార్య వైపు తిరిగాడు.

"ఇంకో కవరు కుట్టాలేమోనే" అన్నాడు.

ఆమె అప్పటికే నవ్వాపుకుంటూ గుడ్డ కత్తిరిస్తోంది.