ఒక్క ఫోనుకు ఇద్దరం

ఎవరి కోసమూ ఒకచోట కూర్చుని ఎదురుచూసిన మనిషిని కాను నేను. మా హుజూరాబాద్‌లో ఎవరినైనా అడగండి.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం బందుకు బస్సులన్నీ ఆగిపోయిన రోజు, పొద్దుననగా వెళ్లి చీకటిపడేదాకా పోస్టాఫీసులో కూర్చున్నాను. అది లెక్కలోకి రాదు.

ముందురోజే నా భార్య సంతోషమ్మను మా అత్తవాళ్లు కాన్పుకు కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయారు. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. ఇక కబురు తెలియాలంటే ట్రంక్ కాల్ ఒక్కటే దారి. ఆ పోస్టాఫీసు ఫోను మోగిందంటే మైళ్ల అవతల జమ్మికుంటలో కుక్కలు లేచి మొరిగేవి.

నేను పోయేసరికి మా ఊరి జలపతిరావు దొర బెంచీ మీద ఉన్నాడు. ఆయన కూతురు మనోరమ కూడా అదే ఆసుపత్రిలో నొప్పులు పడుతోంది. పోయి ఆయన పక్కనే కూర్చున్నాను.

“గదే నంబరు గదా మైసయ్యా!” అన్నాడు పోస్టుమాస్టరు దశరథం. “దొర ఇప్పుడే బుక్ చేసిండు. లైను కలిస్తె ఇద్దరికీ ఒక్కసారే అడుగుత.”

ఫోను మోగినప్పుడల్లా ఇద్దరమూ లేచి నిలబడేవాళ్లం. ఒకసారి పత్తి సేటుకు, ఒకసారి పోలీసులకు. మా వెనక అడిగినవాళ్ల కబుర్లు మాకంటే ముందే వచ్చేవి.

“జర కుదురుగుండరాదురా! కాళ్లకింద నిప్పులున్నయా?” అన్నాడు దొర.

“మీరు ఎడమ చెప్పు కుడికాలికి తొడిగిండ్రు దొరా. ముందుగాల గది సూస్కోండ్రి.”

మధ్యాహ్నం దాటాక లైను కలిసింది. దశరథం గొంతు చించుకుని అడిగి, విని, మావైపు తిరిగాడు. “హుజూరాబాద్ ఆమెకు ఆడపిల్లనట. తల్లి మంచిగున్నదట.”

“ఏ ఆమె?” ఇద్దరం ఒక్కసారే అరిచాం.

“పేరు అడిగేలోపల లైను తెగింది.”

దొర మీసం సవరించాడు. “ఆడపిల్ల అంటున్నరు గదా, నీదే అయ్యుంటదిరా. మా ఇంట్ల పుట్టేది మగపిల్లగాడే.”

“మంచిది దొరా. పిల్ల నాదే. మరి తల్లి మంచిగున్నదన్న మాట గూడ నాదే గదా?”

దొర మీసం మీంచి చెయ్యి తీశాడు. “కాదురా... ఆ పిల్ల నాదే కావచ్చు,” అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. తల్లి మంచిగున్నదన్న ఆ మాట వదులుకోవాలని నాకూ లేదు.

“మల్ల బుక్ చేయుండ్రి సారూ,” అన్నాను. “ఈసారి ఎవల పేరు వాళ్లకే చెప్పి అడుగుండ్రి.”

దీపాలు పెట్టేవేళకు మళ్లీ మోగింది. దశరథం రెండు పేర్లూ అరిచి అరిచి చెప్పాడు. “మైసయ్యా, గా ఆడపిల్ల నీకే. సంతోషమ్మ మంచిగున్నది. దొరా, మనోరమమ్మకు ఇంకా కాలే.”

నేనిక ఇంటికి పోవచ్చు. పోలేదు.

“నీ కబురు వచ్చె గదరా,” అన్నాడు దొర నేలచూపులు చూస్తూ.

“మీది గూడ విని పోత దొరా.”

మూడోసారి మోగినప్పుడు దశరథం నవ్వుతూ, “ఆడపిల్లే దొరా!” అన్నాడు.

“తల్లి?”

“మంచిగున్నది.”

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. కుక్కల సంగతి కాదు, అది నిజం. దొర పక్కన బెంచీ మీద కూర్చున్నానన్నదే అబద్ధం. పొద్దుటినుంచీ నేను గడప దగ్గర కిందనే ఉన్నాను. మూడో ఫోను మోగేదాకా ఆయనే బెంచీ దిగి గడప దగ్గరికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.