ఫస్ట్ క్లాస్‌గా ఉన్నాను సార్

దర్జీ కొట్టు పక్కన ఒక ఇరుకు గది ఉంది. అందులో ఇద్దరు కూర్చుంటే మూడోవాడు గడపలో నిలబడాలి. ఆ మూడోవాడు లావుపాటి మనిషైతే గాలి కూడా బయటే నిలబడాలి. ఆ గదిలో బల్ల వెనక కూర్చునే ఆవిడను అందరూ పింఛనమ్మ అంటారు. అసలు పేరు కట్టుకున్న మొగుడికైనా గుర్తుందో లేదో అనుమానమే. దర్జీ అయిన ఆ మొగుడు కూడా గోడ అవతల నుంచి, "పింఛనమ్మగారూ, కాస్త టీ దయచేయిస్తారా?" అనే అడుగుతాడు.

సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళకు సర్కారు నుంచి రావలసినవి రాకపోతే, వెంటపడి రప్పించడం ఆవిడ వృత్తి. కాలు పోయినవాడికి కాలి పింఛను, చెవి పోయినవాడికి చెవి పింఛను, మొగుడు పోయినామెకు మొగుడి పింఛను. పొద్దున్న తలుపు తీసేసరికి గది ముందు పాత సిపాయిలు బారు తీరి ఉంటారు. వాళ్ళను వరసలో నిలబడమని ఆవిడ ఏనాడూ చెప్పలేదు. చెప్పాల్సి వచ్చేదల్లా ఒకటే: నొప్పిగా ఉంటే నొప్పి అని నోరు తెరిచి చెప్పండి నాయనా అని.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. సర్కారు అమ్మ కూడా కాదు, సవతి తల్లి. ఏడుస్తూ అడిగితే గానీ గరిటె కదలదు. మామూలు జనానికి ఈ విద్య ఒకరు నేర్పక్కర్లేదు. చిటికెన వేలికి ముల్లు గుచ్చుకుంటే చెయ్యంతా కట్టు కట్టుకుని వచ్చే మహానుభావులున్నారు. సిపాయి సంగతి వేరు. పై అధికారి కనబడి "ఎలా ఉన్నావు?" అన్నాడంటే చాలు, చెయ్యి కణతకు లేచిపోతుంది, నోరు "బాగున్నాను సార్" అనేస్తుంది. ఈ రెంటి మధ్యా బుర్రను ఎవరూ సంప్రదించరు.

పింఛనమ్మ తండ్రీ సిపాయే. ప్రాణం పోయే పూట చూడ్డానికి వచ్చిన సర్కారు డాక్టరుతో, "నాకేం, గుండులా ఉన్నాను సార్" అని చెప్పి, డాక్టరు మెట్లు దిగేలోపు కన్నుమూశాడు. డాక్టరు ఆ మాటే రాసుకుపోయాడు. గుండులా ఉన్నవాడి పెళ్ళానికి వితంతు పింఛను ఎలా ఇస్తామని సర్కారు వాదించింది. ఆ వాదం గెలిచేసరికి తల్లి జుట్టు నెరిసింది, కూతురికి ఈ వృత్తి అబ్బింది.

ఇప్పుడు ఆవిడ నెత్తిన పడిన బరువు పేరు ఫిరంగి బాబాయ్.

ఆయన ఉద్యోగమంతా ఫిరంగి కింద పెట్టే ఇనప పీటను వీపున వేసుకుని కొండలెక్కడంతోనే సరిపోయింది. కంచరగాడిదలు మొరాయించిన కొండలవి. "ముందు నడిచేవాడి బూటు వెనకవాడి టోపీ మీద ఉండేదమ్మా, అంత నిట్రం. మేం కొండెక్కుతున్నామో, కొండే మమ్మల్ని ఎక్కుతోందో తెలిసేది కాదు" అంటాడు. ఇప్పుడు ఆ నడుం పూర్తిగా అరిగిపోయింది. పొద్దున్నే మంచం మీంచి ఆయన్ని లేపాలంటే భార్య చంకల కింద చేతులు వేసి ఎత్తాలి. ఎత్తీ ఎత్తీ ఆవిడ కుడి భుజం కూడా జారిపోయింది. సైనిక ఆసుపత్రిలో ఆపరేషను చేస్తారు. అయితే ఆ నడుం కొలువులోనే పాడైందని, మనిషి ఇబ్బందిలో ఉన్నాడని మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి. కొలువులో పాడైనట్టు రుజువులన్నీ పింఛనమ్మ సంపాదించి పెట్టింది. లేనిదల్లా ఇబ్బందే. రెండుసార్లు బోర్డు ముందుకు పోయి, రెండుసార్లూ ఆయన చెప్పింది ఒక్కటే: "ఫస్ట్ క్లాస్‌గా ఉన్నాను సార్!"

మూడోది ఆఖరు. అదీ తప్పితే ఇక తలుపు మూసినట్టే.

"అమ్మాయ్, ఈసారి కూడా ఈయన ఆ కూత కూశాడంటే నా వల్ల కాదు" అంది భార్య, గదిలో కూర్చోకముందే. "మర్నాటి నుంచి మంచం మీదే ఫస్ట్ క్లాస్‌గా పడుండమను. నేను లేపను."

"ఏం బాబాయ్, నిజంగా నొప్పి లేదా?" అంది పింఛనమ్మ.

"ఎందుకు లేదమ్మా? ప్రాణాలు తోడేస్తోంది."

"ఆ ముక్క బోర్డుకు చెప్పొచ్చుగా?"

"పెద్ద పెద్ద ఆఫీసర్లు. వాళ్ళకెన్ని పనులుంటాయి!"

"నీ నొప్పి వినడమే వాళ్ళ పని బాబాయ్!"

"అదే నేనూ అనేది. ఉన్న పనే వాళ్ళకు తలకు మించి ఉంది, మళ్ళీ నా నడుం కూడానా?"

పిన్ని నెత్తి కొట్టుకుంది, ఎడమ చేత్తో. కుడి చెయ్యి అంత పైకి లేవదు మరి.

ఇలా లాభం లేదని పింఛనమ్మ రిహార్సలు పెట్టింది. మొగుణ్ణి పిలిచి కర్నల్ని చేసింది. దర్జీ దగ్గర ఎవరో బ్యాంకు మేనేజరు కోటు సగం కుట్టి ఉంది. అది తొడుక్కుని, మెడలో టేపు తీసి పక్కన పెట్టి, బల్ల వెనక కూర్చుని గొంతు సవరించాడు.

"ఏమోయ్, ఎలా ఉన్నావు?"

ఫిరంగి బాబాయ్ కుర్చీలోంచి తారాజువ్వలా లేచాడు. మడమలు టప్పున కలిశాయి. "ఫస్ట్ క్లాస్‌గా ఉన్నాను సార్!" అని, ఆ వెంటనే నడుం పట్టుకుని, "అమ్మోయ్" అన్నాడు.

"బాబాయ్! అది మా ఆయన! నీ పైజమాలు కుట్టే మీ అల్లుడు!"

"తెలుసమ్మా. కోటు చూసేసరికి ఆగలేకపోయాను."

"ఆ కోటుకు ఒక చెయ్యే ఉంది కదా!"

"రెండోది యుద్ధంలో పోయిందేమో అనుకున్నా."

దర్జీ కోటు విప్పుతూ, "పింఛనమ్మగారూ, వీళ్ళకు బతిమాలితే ఎక్కదు. ఆర్డరు వెయ్యండి" అని సలహా పారేసి పోయాడు. మాట బాగానే ఉందనిపించింది పింఛనమ్మకు. లేచి నిలబడి, గొంతు పెంచి, "సిపాయ్! నొప్పి చెప్పు!" అంది.

"నడుం నొప్పి సార్!"

ఆ కేకకు చూరులో పావురాలు లేచిపోయాయి. ఎదుటి కొట్టువాడు కత్తెర పట్టుకుని బయటికొచ్చి ఎవరు గెలిచారని అడిగాడు. ఛాతీ అరగజం ముందుకు పొంగి, కళ్ళు మెరుస్తూ, కోట పట్టుకున్నవాడిలా నిలబడ్డాడు ఫిరంగి బాబాయ్. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

"ఇంత ఆరోగ్యంగా నొప్పి అంటే ఎవరు నమ్ముతారు బాబాయ్? కాస్త మూలుగు."

"మూలగమని ఆర్డరు వెయ్యలేదుగా?"

"వేస్తున్నాను. మూలుగు!"

ఆయన మూలిగాడు. చెఱకు లారీ ఎత్తు ఎక్కుతున్నట్టుంది. పిన్నికి నవ్వాగలేదు. నవ్వితే భుజం కలుక్కుమంటుంది గనక నవ్వుతూ ఏడ్చింది. ఆ ఏడుపు చూపించి, "అదిగో, అలా ఉండాలి" అంది పింఛనమ్మ.

బోర్డు పిలుపు వచ్చేదాకా రోజూ సాయంత్రం తాలీము నడిచింది. గొంతు తగ్గించడం, భుజాలు వదలడం, నేల చూపులు చూడటం. సైన్యం ఎన్నో ఏళ్ళు శ్రమపడి నిలబెట్టిన మనిషిని పింఛనమ్మ కొద్ది రోజుల్లో వంచేసింది. చివరికి ఒక సాయంత్రం ఆయన కుర్చీలోంచి కదలకుండా, తల దించుకుని, "బాగాలేదు సార్" అని మెల్లగా అన్నాడు. దర్జీకి సూది వేల్లో దిగింది. అంత బాగా అన్నాడు.

బోర్డు గదిలో పొడుగాటి బల్ల, దాని వెనక మూడు కుర్చీలు. ఒక కొసన గుమాస్తా, మరో కొసన పడుచు డాక్టరమ్మ, నడుమ అధ్యక్షుడు. కొలువు నుంచి రిటైరై, ఈ కుర్చీలోకి కొత్తగా వచ్చిన ముసలి కర్నలు. మీసాలు రెండు కత్తుల్లా ఉన్నాయి, మనిషి గడకర్రలా ఉన్నాడు. కక్షిదారు తరపున వచ్చినవాళ్ళు పక్కన కూర్చోవచ్చు గానీ అతని జవాబు తాము చెప్పకూడదని అక్కడి నియమం. పింఛనమ్మ పక్క కుర్చీలో, పిన్ని వెనక బెంచీ మీద కూర్చున్నారు.

కర్నలు కాగితాల్లో తల దూర్చి ఉన్నాడు. డాక్టరమ్మే మొదలుపెట్టింది. "ఎలా ఉన్నారండీ?"

"బాగాలేదు తల్లీ" అన్నాడు ఫిరంగి బాబాయ్ నేల చూస్తూ. తాలీముకు వెయ్యి రెట్లు అందంగా అన్నాడు. డాక్టరమ్మ జాలిగా రాసుకుంటోంది. పింఛనమ్మ మనసులో అప్పుడే ఆపరేషను అయిపోయి, పిన్ని భుజానికి కట్టు కూడా విప్పేశారు.

అంతలో కర్నలు కళ్ళద్దాలు తీసి తలెత్తాడు.

"ఎలా ఉన్నావు, జవాన్?"

ఆ గొంతు వినాలి. రాళ్ళు దొర్లినట్టుంది. నేర్పిన చదువంతా గాలికి పోయింది. ఫిరంగి బాబాయ్ లేచాడు, మడమలు కలిశాయి, చెయ్యి కణతకు చేరింది.

"ఫస్ట్ క్లాస్‌గా ఉన్నాను సార్!"

డాక్టరమ్మ కలం ఆగింది. రాసింది కొట్టేసింది. వెనక బెంచీ నుంచి పిన్ని గొంతు సన్నగా వినబడింది: "అయిపోయింది. నా భుజం అయిపోయింది."

కర్నలు మాత్రం ఆ సెల్యూట్ చూసి కరిగిపోయాడు. కొలువు దిగి ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి ఆయనకు అలాంటి వందనం దక్కలేదు. ఇంట్లో మనవలు అదిలించినా లెక్కచెయ్యరు, కుక్క తోక కూడా ఊపదు. గుండె ఉప్పొంగి, బల్ల మీద చేతులాన్చి లేచి, ఎదురు సెల్యూట్ కొట్టాడు. ఇద్దరూ చేతులు దించారు.

"కూర్చో" అన్నాడు కర్నలు.

"తమరు నిలబడి ఉండగానా సార్?"

"పరవాలేదు, కూర్చో."

"తమరు కూర్చోండి సార్, కూర్చుంటాను."

కర్నలు కూర్చోలేదు. ఫిరంగి బాబాయ్ కూర్చోలేదు. ఇద్దరూ ఎదురెదురు దీపస్తంభాల్లా నిలబడిపోయారు. గుమాస్తా గోడ గడియారం వంక చూశాడు.

"సార్, కూర్చోండి. బయట ఇంకా చాలామంది ఉన్నారు" అంది డాక్టరమ్మ.

"నిలబడే వింటాను. నిలబడటం ఆరోగ్యానికి మంచిది."

పింఛనమ్మకు అనుమానం వచ్చింది. ఆవిడ కళ్ళు ఇలాంటివి చాలా చూశాయి. కర్నలు వేళ్ళు బల్ల అంచును కరిచి పట్టుకున్నాయి, కణుపులు తెల్లబడ్డాయి. మీసం కొస వణుకుతోంది. ఒక మోకాలు లేవడమైతే లేచింది గానీ, మళ్ళీ వంగనని భీష్మించింది.

"మీకేమైనా ఇబ్బందిగా ఉందా సార్?" డాక్టరమ్మ మళ్ళీ అడిగింది.

"నాకా? దివ్యంగా ఉన్నాను!"

అదే పొగరు, అదే పొంగు. కళ్ళు మూసుకుని వింటే ఎవరన్నారో చెప్పలేం.

పెద్దమనిషి గుట్టు నలుగురిలో విప్పితే ఆయనకు మండుతుంది, బాబాయ్ పని అక్కడితో సరి. నోరు మూసుకుంటే ఆ సరి ఎలాగూ ఖాయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యే నయమనుకుని పింఛనమ్మ లేచింది.

"సార్, ఒక్క మాట. మా బాబాయ్ జవాబు నేను చెప్పను. ఆయన చెప్పేశారు. అది అబద్ధమనీ అనను. కానీ డాక్టరుగారు అడిగితే తమరిప్పుడు చెప్పిన జవాబూ, మా బాబాయ్ చెప్పిన జవాబూ ఒకటే. దానికి అర్థమేమిటో ఈ గదిలో బాగా తెలిసింది తమకే. తమరెలా రాయమంటే అలాగే రాయించండి."

కర్నలు మొహం ముందు ఎర్రబడింది, తర్వాత మామూలైంది, తర్వాత ఆయన ఫిరంగి బాబాయ్‌ని పైనుంచి కిందికి చూశాడు. బాబాయ్ పైజమా కాలు గాలి లేకుండానే అల్లాడుతోంది.

"ఏం మోశావు?"

"ఫిరంగి పీట సార్."

"ఎందాకా?"

"దింపమనేదాకా సార్."

కర్నలు డాక్టరమ్మ వైపు తిరిగాడు. ఒళ్ళు తిరగలేదు, తల మటుకే.

"రాసుకో. ఎలా ఉన్నావని అడిగితే ఫస్ట్ క్లాస్ అన్నాడు. కాబట్టి నిలబడలేని స్థితిలో ఉన్నాడు."

"అలా ఎలా రాస్తాను సార్? పరీక్ష చెయ్యాలి కదా!"

"చెయ్యి. నోటిని అడక్కు, నడుమును అడుగు."

డాక్టరమ్మ వచ్చి వీపు మీద ఒకచోట వేలు పెట్టి నొక్కింది. "ఇక్కడ?"

"బాగుంది తల్లీ."

"ఇక్కడ?"

"చాలా బాగుంది తల్లీ" అన్నాడు. రెండు కళ్ళలోంచీ నీళ్ళు ధారగా కారి మీసాల్లోకి దిగాయి. డాక్టరమ్మ ఆ నీళ్ళ వంక చూసింది, ఇంకేమీ అడగకుండా పోయి, ఆగకుండా రాసింది. ఆపరేషను మంజూరు అన్న మాట కింద గుమాస్తా ముద్ర దబ్బున పడింది.

పిన్ని వచ్చి మొగుడి మోచెయ్యి పట్టుకుంది. "పదండి, ఫస్ట్ క్లాసుగారూ."

"ఏం, ఏమైందే? నేను తప్పు చెప్పానా?"

"తప్పే చెప్పారు. మీ ఆఫీసరు దిద్దాడు. నడవండి."

"అందరూ కాసేపు బయటికి వెళ్ళండి" అన్నాడు కర్నలు నిలబడే. "విరామం."

డాక్టరమ్మ వెళ్ళింది, గుమాస్తా వెళ్ళాడు. పింఛనమ్మ సంచి సర్దుకుని గుమ్మం దాటబోతుంటే, రాళ్ళు దొర్లే గొంతు గులకరాళ్ళ పాటికి దిగింది.

"అమ్మాయ్, నువ్వు ఆగు. ఈ మోకాళ్ళ బాపతు దరఖాస్తుకు ఏమేం కావాలి? నాక్కాదు. మా పక్కింటాయనకు."

"ఆయనా సైన్యంలోనే చేశారా సార్?"

"ఆఁ. పెద్ద హోదాలోనే చేశాడు."

"ఎలా ఉన్నారు సార్ ఆయన?"

"దివ్యంగా ఉన్నాడు."

"అయ్యో పాపం" అంది పింఛనమ్మ. తలుపు దగ్గరగా వేసి, బల్ల వెనక్కి వెళ్ళి, కుర్చీని ఆయన కాళ్ళకు ఆన్చి, మోచేతి కింద చెయ్యి వేసింది. "రేపు మా గదికి తీసుకురండి, చూద్దాం. ఇప్పటికి మాత్రం పక్కింటాయన్ని బరువు నా మీద వేసి, మెల్లగా కూర్చోమనండి."